ఇంటిలోని పురావస్తువులు – వాని విలువ

నాలుగు తరములుగా నిలిచియున్న ఇండ్లలో, అటకమీదనో భోషాణములోనో దేవుని గదిలోనో, పాతకాలపు వస్తువు ఒక్కటియైనను లేని ఇల్లు అరుదు. ఒకచోట కంచు దీపస్తంభము, ఒకచోట తాటియాకు గ్రంథముల కట్ట, ఒకచోట కలంకారీ తెర, ఇంకొకచోట ముత్తాతగారు ముచ్చటపడి కొనితెచ్చిన తైలవర్ణ చిత్రము. వీనిని మనము ప్రతిదినమును చూచుచునే యుందుము. కాని వీనికి విలువ కలదన్న స్పృహ మనకు ఉండదు. ఎన్నడో ఒకనాడు ఇల్లు పంచుకొనవలసి వచ్చినప్పుడో, దొంగలు పడినప్పుడో, పన్నుల అధికారి ప్రశ్నించినప్పుడో, "దీని విలువ ఎంత?" అను ప్రశ్న పుట్టును. అప్పటికి సాధారణముగా ఆలస్యమై యుండును.

ఆ ప్రశ్నకు సకాలమున సమాధానము సంపాదించుకొనుట ఎట్లు అనునదే నేటి మా ప్రసంగ విషయము. మొదటనే ఒక మాట మనవి చేయుదుము. పాత వస్తువునకు విలువ ఒక్కటి కాదు. ఎవరు కట్టినారు, ఏ పనికొరకు కట్టినారు, ఏ తేదీకి కట్టినారు అను మూడు సంగతులు తెలియక చెప్పిన ధర ధర కాదు, ఊహ మాత్రమే.

మా బంధువుల ఇంట జరిగిన సంగతి ఒకటి కలదు. తండ్రిగారు గతించిన పిమ్మట ఇద్దరు అన్నదమ్ములును ఒక ఆడపడుచును ఆస్తి పంచుకొనిరి. ఇంటికిని పొలమునకును దస్తావేజులు ఉన్నవి గనుక చిక్కు రాలేదు. మిగిలినది ఒక బిద్రీ హుక్కా బుడ్డి. నల్లని లోహముపై వెండి తీగతోను వెండి రేకుతోను పూలు పొదిగిన పని. పెద్దన్నగారు దానిని తళతళలాడించి చూపవలెనని చింతపండు వేసి తోమించిరి. తరువాత ఊరిలోని పాతసామానుల వర్తకుని పిలిపించి ధర అడిగిరి. అతడు చెప్పిన ధరకే, అతనికే అమ్మి, వచ్చిన సొమ్మును ముగ్గురును సమముగా పంచుకొనిరి. ఏడాది తిరుగక మునుపే ఆ బుడ్డి, మరల నల్లబరపబడి, పట్టణములోని ఒక దుకాణమున ఎన్నో రెట్లు అధికమైన ధరకు కనబడినది. వర్తకుని పిలిపించినది పెద్దన్నగారు గనుక అనుమానము ఆయనపైకి పోయినది. ఆయన మనసులో కపటమేమియు లేదని మేము ఎరుగుదుము. కాని దానిని నిరూపించుటకు ఒక్క కాగితమైనను లేదు. వస్తువు పోయినది, దానితోపాటు ఆ మూడు ఇండ్ల నడుమ రాకపోకలును పోయినవి.

ఇందు మూడు పొరపాట్లు జరిగినవి. వస్తువును చూపకమునుపే తోమిరి. కొనదలచినవానినే విలువ అడిగిరి. ఆ విలువను వ్రాతమూలముగా పుచ్చుకొనలేదు. ఈ మూడును ఎట్లు తప్పించుకొనవలెనో చెప్పుటకు ముందు, విలువ ఎన్ని విధములో తెలిసికొందము.

బీమా కొరకు కట్టు విలువ యొకటి. వస్తువు కాలిపోయినను, దొంగిలింపబడినను, దానికి సాటియైన మరియొక దానిని విపణిలో కొనితెచ్చుటకు ఎంత ధనము కావలెనో అంత. ఇది కొనువాడు దుకాణములో చెల్లించు ధర. పన్ను కొరకు కట్టు విలువ మరియొకటి. అమ్మువానికి తొందర లేక, కొనువానికి నిర్బంధము లేక, ఇద్దరును విషయము తెలిసి బహిరంగ విపణిలో కుదుర్చుకొను ధర అది. అవసరము మీదపడి రేపే అమ్మవలసి వచ్చినప్పుడు చేతికి వచ్చునది మూడవది. ఒకే వస్తువునకు ఈ మూడును వేరువేరుగా ఉండుటలో మోసమేమియు లేదు. బీమా కొరకు కట్టించిన హెచ్చు ధరను చూచి, అమ్మినప్పుడును అంతే వచ్చునని ఆశపడుటయే పొరపాటు.

ఇక బీమా సంగతి. ఇంటికి బీమా ఉన్నది గనుక ఇంటిలోని చిత్రమునకును ఉన్నట్లే అని అనేకులు తలచుచుందురు. కాని ప్రామాణికమైన అగ్నిప్రమాద బీమా పత్రమును నిదానముగా చదివినచో, పదివేల రూపాయలకు మించిన కళాకృతులును అపురూప వస్తువులును, వ్రాతప్రతులును, పత్రమున ప్రత్యేకముగా పేర్కొననిదే పరిహారమునకు రావను నిబంధన కనబడును. 2021 ఏప్రిల్ 1 నుండి నివాసగృహముల కొరకు 'భారత్ గృహ రక్ష' అను ప్రామాణిక పాలసీ అమలులోనికి వచ్చినది. ఇందు సాధారణ గృహోపకరణములకు రక్షణ కలదు. చిత్రములు, పురావస్తువులు, వెండి సామాను వంటి విలువైన వస్తువులకు మాత్రము వేరుగా అడిగి, అంగీకృత విలువ పద్ధతిని రక్షణ తీసికొనవలెను.

అంగీకృత విలువ అనగా, నష్టము జరుగకముందే సంస్థయును మనమును ఒప్పుకొని పత్రముపై వ్రాసికొనిన మొత్తము. వస్తువు పూర్తిగా నశించినప్పుడు దాని ధర ఎంత అను వాదమునకు అప్పుడు తావుండదు. ఈ ఒప్పందమునకు ఆధారము నిపుణుడు ఇచ్చిన విలువ పత్రమే. ఇట్టి ఒప్పందము లేనిచోట, నష్టము జరిగిన తరువాత వస్తువు ఎంత విలువైనదో రుజువు చేయు భారము మనపై పడును. బూడిదను చూపి చిత్రము విలువను రుజువు చేయుట ఎవ్వరి తరము?

మరి రెండు సంగతులు గమనింపదగినవి. చెదలు, తేమ, కాలక్రమమున రంగు వెలియుట వంటి మెల్లని నష్టములకు సాధారణముగా బీమా వర్తింపదు. వానికి మన జాగ్రత్తయే బీమా. రెండవది, జతగా ఉన్న వస్తువులలో ఒకటి పోయినచో రెండవదాని విలువయు తగ్గును. కనుక ద్వారపాలకుల జత వంటివి ఉన్నప్పుడు, జతకు ఎంత, విడిగా ఒక్కొక్కదానికి ఎంత అని నివేదికలో వేరువేరుగా వ్రాయించుకొనవలెను.

పన్నుల విషయమున కాలముతో చాల మార్పులు వచ్చినవి. మరణానంతరము ఆస్తిపై విధింపబడుచుండిన ఎస్టేటు సుంకము 1953లో వచ్చి 1985లో రద్దైనది. 1957 నాటి సంపద పన్ను 2015 నాటి ఆర్థిక చట్టముతో ముగిసినది. ఇవి పోయినవి గనుక ఇక పాత వస్తువులకు పన్ను చిక్కు లేదని కొందరు అనుకొందురు. అది నిజము కాదు. పూర్వము ఇంటిలోని చిత్రమును అమ్మినచో, అది స్వంత వాడుక సామానుగా పరిగణింపబడి, వచ్చిన లాభముపై పన్ను పడెడిది కాదు. 2007 నాటి ఆర్థిక చట్టము చిత్రములను, శిల్పములను, పురావస్తు సంచయములను, సమస్త కళాకృతులను ఆ మినహాయింపునుండి తొలగించినది. నాటినుండి వీనిని అమ్మగా వచ్చిన లాభము మూలధన లాభమే. రెండేండ్లకు మించి ఉంచుకొని అమ్మిన దానిపై, 2024 జూలై 23 నుండి, పన్ను నూటికి పన్నెండున్నర వంతున లెక్కింపబడుచున్నది. పూర్వమున్న ధరల సూచిక సవరణ ఇప్పుడు కళాకృతులకు లేదు.

ఇక్కడనే విలువ నిర్ణయము యొక్క ప్రయోజనము స్పష్టముగా కనబడును. 2001 ఏప్రిల్ 1కి పూర్వమునుండి కుటుంబమున ఉన్న వస్తువునకు, అసలు కొనిన ధరకు బదులుగా, ఆ తేదీనాటి విపణి విలువను ఖరీదుగా చూపు అవకాశము కలదు. ఒక ఉదాహరణము చూతము. తాతగారు 500 రూపాయలకు కొనిన చిత్రమును మనుమడు 10 లక్షలకు అమ్మెననుకొందము. పాత ధరయే చూపినచో లాభము 9,99,500. దానిపై పన్ను దాదాపు 1,25,000. 2001 ఏప్రిల్ 1 నాటికి దాని విలువ 2 లక్షలని నిపుణుడు ఆధారములతో నిర్ణయించి వ్రాసి యిచ్చినచో, లాభము 8 లక్షలు. పన్ను 1 లక్ష. సర్‌చార్జి, సెస్సు వంటివి వేరు. అనగా ఒక్క కాగితము వలన 25 వేల రూపాయలు మిగులును. కాని ఆ విలువ నాటి విక్రయముల ఆధారమున కట్టినదై యుండవలెను; పన్ను తగ్గవలెనని పెంచి వ్రాయించినది నిలువదు.

దానముల విషయమును చెప్పుదుము. తల్లిదండ్రులు, తోబుట్టువులు మొదలగు చట్టము పేర్కొనిన బంధువులనుండి వచ్చినవి, వీలునామా వలన గాని వారసత్వము వలన గాని వచ్చినవి, వివాహ సందర్భమున వధూవరులకు వచ్చినవి పన్నుకు లోబడవు. బంధువు కాని మిత్రుడు ప్రేమతో ఇచ్చిన చిత్రము విలువ 50,000 రూపాయలకు మించినచో, ఆ విలువ పుచ్చుకొనినవాని ఆదాయముగా లెక్కింపబడును. అట్టిచో విలువ ఎంతయో చెప్పుటకు నమోదైన నిపుణుని నివేదిక ఉపయోగపడును. ఇందుకు భిన్నముగా, కళాకృతిని గాని వ్రాతప్రతిని గాని ప్రభుత్వమునకో, విశ్వవిద్యాలయమునకో, జాతీయ మ్యూజియమునకో, ప్రభుత్వము ప్రకటించిన ఇతర మ్యూజియమునకో ఇచ్చినచో దానిని మూలధన లాభమునకు హేతువైన బదిలీగా పరిగణింపరాదని 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము శాసించినది. ఆ చట్టము స్థానమున 2025 నాటి కొత్త చట్టము 2026 ఏప్రిల్ 1 నుండి అమలగునట్లు నిర్ణయింపబడినది గనుక, విక్రయమునకు గాని దానమునకు గాని పూనుకొనునప్పుడు ఆనాటి నిబంధనలను ఆడిటరును అడిగి తెలిసికొనుట క్షేమము.

విలువ కట్టుటలో విస్మరింపరాని మరియొక చట్టము కలదు. అది 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టము. 1976 ఏప్రిల్ 5 నుండి అమలులో నున్నది. నూరేండ్లకు తక్కువ కాని శిల్పములు, చిత్రములు, కళాఖండములు మొదలైనవి పురావస్తువులు. శాస్త్ర, చరిత్ర, సాహిత్య విలువ గల వ్రాతప్రతులకు డెబ్బదియైదేండ్లు చాలును. శిలా లోహ దంత శిల్పములు, చిత్తరువులు, బొమ్మలతో కూడిన వ్రాతప్రతులు వంటి ప్రకటిత తరగతుల వస్తువులను భారత పురావస్తు సర్వేక్షణ శాఖవారి రిజిస్టరింగ్ అధికారి యొద్ద, ఛాయాచిత్రములతో దరఖాస్తు చేసి, నమోదు చేయించుకొనవలెను. నమోదైన వస్తువు చేతులు మారినప్పుడు ఆ సంగతి తెలియజేయవలెను. పురావస్తువుల వ్యాపారమునకు లైసెన్సు కావలెను. ప్రైవేటు వ్యక్తులు పురావస్తువును విదేశమునకు ఎగుమతి చేయరాదు. హుక్కా బుడ్డి వంటివి నమోదు తరగతులలో లేనంత మాత్రమున, విదేశముననున్న కుమారునికి పంపవచ్చునని తలపరాదు.

ఈ నిషేధము విలువనే మార్చును. విదేశపు వేలములో ఇట్టి విగ్రహమునకు ఇన్ని డాలర్లు వచ్చినవని పత్రికలో చదివి, ఆ లెక్కను మన వస్తువునకు అన్వయింపరాదు. మన వస్తువు ఆ విపణిలో అడుగుపెట్టజాలదు. ఇందుకు హైదరాబాదు చరిత్రలోనే గొప్ప దృష్టాంతము కలదు. నిజాము ట్రస్టులకు చెందిన నగల ధర విషయమున ఏండ్ల తరబడి వివాదము నడచి సుప్రీంకోర్టు వరకు పోయినది. తుదకు 1995లో భారత ప్రభుత్వము 173 నగలను 218 కోట్ల రూపాయలకు కొన్నది. ప్రపంచ విపణి ధర ఒకటి, దేశము దాటరాని వస్తువునకు ధర ఒకటి. రవివర్మ, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్ వంటి చిత్రకారుల కృతులు నూరేండ్లు నిండకున్నను కళానిధులుగా ప్రకటింపబడినవి. వానికిని ఎగుమతి నిషేధము వర్తించును. ఇట్టి నిషేధము లేని కృతుల గతి వేరు. హుస్సేన్ 1954లో చిత్రించిన 'గ్రామయాత్ర' నార్వేలోని ఒక ఆసుపత్రి సొత్తుగా దశాబ్దములు ఉండి, 2025 మార్చిలో న్యూయార్కు వేలమున 1 కోటి 37 లక్షల డాలర్లకు పైగా పలికినది. పదేండ్లనాటి విలువ పత్రము నేటికి చెల్లదనుటకు ఇది చాలును. బీమా కొరకైనచో మూడు నాలుగేండ్లకు ఒకసారి మరల విలువ కట్టించుకొనుట మంచిది.

ఇప్పుడు మొదట చెప్పిన మూడు పొరపాట్లకు వత్తము.

మొదటిది తోముట. బిద్రీ పాత్ర నలుపు మురికి కాదు. జింకు అధికముగా గల లోహముపై వెండి పొదిగి, బీదరు కోట మన్ను కలిపిన ముద్ద పూయగా వచ్చిన రంగు అది. వెండి మెరయుటకు ఆ నలుపే ఆధారము. కంచు విగ్రహముపై కాలము పూసిన పొరయు అట్టిదే. అది వస్తువు వయసునకు సాక్షి. చింతపండుతోను బూడిదతోను తోమినచో సాక్షి నోరు మూసినట్లగును. పాత చిత్రమును తడిగుడ్డతో తుడుచుట, వార్నిషు పూయుట, చినిగిన తాటియాకులను జిగురు కాగితములతో అతికించుట – ఇవియు చేయరాదు. నిపుణుడు వచ్చువరకు మనము చేయవలసిన పని వేరు. వస్తువును పగటి వెలుగులో నాలుగు ప్రక్కలనుండి ఛాయాచిత్రములు తీయుట, కొలతలు వ్రాసికొనుట, ముద్రలు, సంతకములు, వెనుకవైపు చీటీలు ఉన్నచో గుర్తించుట, పాత రసీదులు, ఉత్తరములు, ఆ వస్తువు కనబడు కుటుంబ ఛాయాచిత్రములు వెదకి యుంచుట. ఇంటి పెద్దలు బ్రతికియుండగానే, అది ఎక్కడినుండి వచ్చినదో అడిగి, తేదీతో వ్రాసికొనవలెను. వస్తువు చేతులు మారిన చరిత్ర తెలిసినచో విలువ పెరుగును. దొంగసొత్తు అను అనుమానము తొలగును.

రెండవది మనిషిని ఎంచుకొనుట. విలువ కట్టువానికి ఆ వస్తువును కొనవలెనను కోరిక గాని, అమ్మిపెట్టి దస్తూరి తీసికొనవలెనను ఆశ గాని ఉండరాదు. సంపద పన్ను చట్టము క్రింద ఏర్పడిన నమోదు పద్ధతిలో భవనములకు, ఆభరణములకు, కళాకృతులకు వేరువేరు తరగతుల నిపుణులు ఉన్నారు. నగలు తూచువాడు నమోదైనవాడే అయినను, చిత్రముపై అతని మాట చెల్లవలెనను నియమము లేదు. కనుక ఏ తరగతిలో నమోదైనాడో, మన వస్తువు వంటివానిని ఇదివరకు చూచినాడో లేదో అడుగుటకు సంకోచింపరాదు. ప్రతిఫలమును ముందే నిర్ణీత మొత్తముగా మాట్లాడుకొనవలెను. ఎంత హెచ్చు కట్టిన అంత హెచ్చు ప్రతిఫలమనుట ఇరువురకును మంచిది కాదు. మ్యూజియముల పండితులు వస్తువు కాలమును, శైలిని గుర్తించుటలో తోడ్పడవచ్చును; ధర కట్టుట వారి పని కాదు. అయినను సాలార్‌జంగు మ్యూజియములోని బిద్రీ సామానును ఒక్కసారి శ్రద్ధగా చూచి వచ్చినవానికి, తన ఇంటి బుడ్డి ఎట్టిదో కొంత తెలియకపోదు.

నిపుణుడు చేయు పనిని గూర్చియు ఒక మాట. మన ఇండ్లలో "రవివర్మ పటము" అని చెప్పుకొనునవి బహుళముగా ఆయన 1894లో స్థాపించిన ముద్రణాలయము వంటి చోట్ల అచ్చైన ప్రతులే. భూతద్దము పట్టి చూచినప్పుడు కుంచె గీతలకు బదులు అచ్చు చుక్కలు కనబడును. అచ్చుప్రతికి విలువ లేదని కాదు. కాని అది మూలచిత్రపు విలువ కాదు. ఎవరి పని, ఏ కాలము, ఏ పదార్థము, ఏ స్థితి, ఎంత అరుదు అని పరిశీలించి, అట్టివి ఇటీవల ఏ ధరలకు అమ్ముడైనవో చూచి, అప్పుడు అతడు మొత్తమును వ్రాయును. ఛాయాచిత్రము చూచి నిమిషములో ధర చెప్పువానిని నమ్మరాదు.

మూడవది కాగితము. మంచి నివేదికలో ఏ ప్రయోజనము కొరకు కట్టిన విలువయో, ఏ తేదీకి చెందినదో, ఏ పద్ధతిని కట్టినదో స్పష్టముగా ఉండవలెను. వస్తువు వర్ణన, సెంటీమీటర్లలో కొలతలు, లోపములు, మరమ్మతులు, ఛాయాచిత్రములు, పోల్చి చూచిన విక్రయముల వివరములు, తనకు ఆ వస్తువుపై ఏ స్వప్రయోజనమును లేదను ప్రకటన, సంతకము, నమోదు సంఖ్య ఉండవలెను. ఒక ప్రతిని ఆ వస్తువున్న ఇంటిలో కాక వేరొకచోట భద్రపరచవలెను. ఇల్లు కాలినప్పుడు నివేదికయు కాలిపోయినచో దానివలన ప్రయోజనమేమి?

ఇంత శ్రమ అన్ని వస్తువులకును అవసరము లేదు. నిపుణుని ప్రతిఫలము వస్తువు విలువను మించునప్పుడు, ఛాయాచిత్రములతో ఒక పట్టిక వ్రాసికొనిన చాలును. కాని ఏది అల్పమో, ఏది అమూల్యమో తెలియకయే పారవేయుట గాని, తెగనమ్ముట గాని తగదు.

విలువ కట్టుట అమ్ముకొనుటకే అని తలచి, తాతగారి వస్తువునకు ధర కట్టించుట అపచారమని సంకోచించువారు కలరు. వస్తువును నిలుపుకొనుటకును, న్యాయముగా పంచుకొనుటకును, పోయినప్పుడు పరిహారము పొందుటకును కూడ విలువ తెలిసియుండవలెను. మా బంధువుల ఇంటి పెద్దన్నగారు నేటికిని ఆ హుక్కా బుడ్డి ప్రస్తావన వచ్చినప్పుడు మాట మార్చివేయుదురు. ఆనాడు ముగ్గురి యెదుట, సంబంధము లేని నాలుగవవాడు సంతకము చేసిన ఒక్క పుట ఉండినచో, ఈనాడు పండుగకు ఆ ముగ్గురును ఒక పంక్తిన కూర్చుండి భోజనము చేయుచుందురు.